త్యాగం అనకండి, దయచేసి

మొన్న ఒక గృహప్రవేశంలో భోజనాలయ్యాక ఆడవాళ్ళందరం చాపలమీద చేరి వక్కపొడి నములుతూ వుండగా మా వదిన ప్రసక్తి వచ్చింది. మా వదిన అక్కడ లేదు. లేనివాళ్ళ ప్రసక్తే గదా వచ్చేది!

"పాపం, ఆ మహాతల్లి కూతురి ఈత కోసం ఎంత త్యాగం చేస్తోందండీ! నాలుగేళ్ళనించీ తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, పిల్లని స్కూటరెక్కించుకుని పూల్‌కి తీసికెళ్ళడం. చలీ లేదు, వానా లేదు" అన్నారొకావిడ.

"పిల్ల మాత్రం? పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు, సినిమా అంటే తెలియదు. దాని త్యాగం మాత్రం తక్కువా?" అన్నారింకొకరు.

మూడో ఆవిడ నిట్టూర్చి, "ఏం త్యాగమో నమ్మా! పిల్ల నల్లగా కమిలిపోయింది. భుజాలు చూశారా, మగపిల్లాడి భుజాల్లా తయారయ్యాయి. రేపు పెళ్ళి చెయ్యొద్దూ?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. భుజాల మాటకి కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. త్యాగం అన్న మాటకి.

ఆ మాటమీద నాకు పాత కక్ష వుంది. మా ఇళ్ళల్లో అది ఆడవాళ్ళకి పెట్టే పసుపూ కుంకుమల్లాంటిది. ఖర్చు లేదు, ఎంతమందికైనా పంచవచ్చు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చారూ అన్నమూ మా అమ్మ తింటే అది త్యాగం. మా పెద్దత్తయ్య స్కూల్‌ ఫైనల్ దగ్గర చదువు మానేసి తమ్ముళ్ళకి వండిపెడితే అదీ త్యాగమే. ఆవిడని మానెయ్యమన్నదెవరో, మానెయ్యాలని ఆవిడకి వుందో లేదో ఒక్కరూ అడగలేదు. పోయాక మాత్రం పేపర్లో ఫొటో వేయించి కింద "త్యాగమూర్తి" అని రాయించారు. 

త్యాగమంటే తనదైనదాన్ని తను, తెలిసి, ఇష్టపడి వదులుకోవడం. శిబి చక్రవర్తి పావురం కోసం తన తొడ కోసి త్రాసులో వేశాడు. పక్కవాడి తొడ కోసి వేసివుంటే ఆయన్ని పురాణాల్లోకి ఎక్కించేవాళ్ళా? జైల్లోకి ఎక్కించేవాళ్ళు! అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే అది దానం కాదని మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. మనమే మరిచిపోతున్నాం.

కిందటి సంక్రాంతికి మా అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వుండబట్టలేక నేనూ ఒకరోజు పూల్‌కి వెళ్ళాను. అయిదు కూడా కాలేదు. లైట్లు వెలుగుతున్నాయి. ఒడ్డున కోచ్ గారు మఫ్లరు చుట్టుకుని స్టాప్ వాచీ పట్టుకుని నిలబడ్డారు. నేను శాలువా కప్పుకుని వణుకుతున్నాను. ఆ నీళ్ళు వేడి చేసినవి కావు. మా మేనకోడలు ఒక్క క్షణం నీళ్ళవంక చూసింది, దూకేసింది. అంతే. ఇక గంటన్నర దాని మొహం నేను చూడలేదు. ఆ చివరనించి ఈ చివరకి, ఈ చివరనించి ఆ చివరకి. ఇరవైదాకా లెక్కపెట్టి వదిలేశాను. "ఇవాళ అయిదు కిలోమీటర్లండీ" అని కోచ్ గారు మామూలుగా చెప్పారు. యాభై మీటర్ల పూల్‌లో అయిదు కిలోమీటర్లంటే నూరుసార్లు!

నాకు ఆశ్చర్యం వేసింది దూరం చూసి కాదు. నడిచేవాళ్ళకి చెట్టో పుట్టో కనిపిస్తుంది, పరుగెత్తేవాళ్ళకి పక్కవాడైనా కనిపిస్తాడు. ఈతగాళ్ళకి కనిపించేది పూల్ అడుగున గీసిన నల్లగీత ఒక్కటే. మాటా లేదు, పాటా లేదు. మనం గిన్నెలు తోముతూనైనా రేడియో పెట్టుకుంటాం! పైగా మా పిల్లది బటర్‌ఫ్లై. పేరుకి సీతాకోకచిలుక గానీ, రెండు చేతులూ ఒక్కసారే నీళ్ళలోంచి పెరికి ముందుకి విసరాలి. పదిసార్లు విసిరేసరికి మనలాంటివాళ్ళు మునుగుతారు.

ఇంటికొచ్చాక అది ఎనిమిదో దోసెకి పచ్చడి వడ్డించమంటూంటే మా అన్నయ్య మూడో దోసె దగ్గరే ఆగిపోయి కూతురివంక భక్తిగా చూస్తున్నాడు. జుట్టు ఎండుగడ్డి. ఎంత కొబ్బరినూనె పట్టించినా ఆ క్లోరిన్ వాసన పోదు. సాయంత్రం మళ్ళీ పూల్. రాత్రి ఎనిమిదిన్నరకి సోషల్ పుస్తకం గుండెలమీద బోర్లించుకుని నిద్ర.

ఇది రాష్ట్రం పోటీల సంగతి. ఒలింపిక్స్‌దాకా వెళ్ళేవాళ్ళది ఇంకో లోకం. అమెరికావాడు మైఖేల్ ఫెల్ప్స్ చిన్నప్పుడు కొన్నేళ్ళపాటు ఆదివారాలు కూడా మానకుండా ఈదాడు. మిగతావాళ్ళు ఆదివారం మానేస్తారు గనక ఏడాదికి యాభైరెండు రోజులు తనకి ఎక్కువ దొరుకుతాయని ఆయనా, ఆయన కోచ్ బాబ్ బోమనూ వేసుకున్న లెక్క అది. మన చిట్‌ఫండ్ లెక్కల కంటే గట్టిది. 2008లో బీజింగ్‌లో వంద మీటర్ల బటర్‌ఫ్లైలో ఆయన ఒక్క సెకండులో నూరోవంతు తేడాతో గెలిచాడు. ఆ నూరోవంతు ఏ ఆదివారంనాటిదో ఎవరు చెప్పగలరు?

ఆడపిల్లలకి మరొక లెక్క కూడా వుంది. 2016లో రియోలో రిలే పందెంలో నాలుగోస్థానం వచ్చాక చైనా అమ్మాయి ఫూ యువాన్హుయీ, తనకి ముందురోజే నెలసరి వచ్చిందనీ, అలిసిపోయాననీ, అయినా అది సాకు కాదనీ టీవీవాళ్ళ ముందు చెప్పేసింది. లోకమంతా నోరు తెరిచింది. నోరు తెరవడానికేముంది? పోటీ తేదీలు వేసే పెద్దమనుషులు పిల్లల క్యాలెండర్లు చూసి వేస్తారా?

ఇంతా చెప్పి త్యాగం కాదంటావేమిటి అని మీరు నన్ను నిలదీస్తారని తెలుసు. కాదనే అంటాను. మన భాషలో దీనికి చక్కని మాట వేరే వుంది: సాధన. రోజూ తెల్లవారుజామున లేచి వీణ ముందు కూర్చునే పిల్లని చూసి "పాపం, ఎంత త్యాగం" అంటామా? "ఎంత సాధన" అంటాం. కేటీ లెడెక్కీ అనే అమ్మాయి 2012లో పదిహేనేళ్ళప్పుడు లండన్‌లో ఎనిమిదివందల మీటర్ల పందెం గెలిచింది. ఆ తర్వాత రియో, టోక్యో, 2024లో పారిస్. వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో అదే పందెం ఆమెదే. రియోలోనైతే రెండోపిల్ల గోడ తాకేసరికి ఈమె పదకొండు సెకండ్లకి పైగా తీరిగ్గా వూపిరి పీల్చుకుంది. ఆ అమ్మాయి చెప్పేదేమిటంటే, పోటీ ఎంత ఇష్టమో రోజువారీ ఈదడమూ అంత ఇష్టమేనని. ఇష్టమైన పని చేసుకునే మనిషిమీద మన జాలి ఎందుకు? కందకి లేని దురద కత్తిపీటకెందుకూ?

అన్నట్టు, ఆ చాపమీద కూర్చుని మా మేనకోడలిమీద జాలిపడినవాళ్ళలో ఇద్దరి పిల్లలు ఇంటర్మీడియట్ హాస్టళ్ళలో వున్నారు. తెల్లారకముందే గంట కొడతారు, రాత్రి పదిదాకా స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు. ఎండ మొహం ఎరుగరు. అమ్మతో మాట్లాడాలంటే వార్డెన్ దయ. అది త్యాగమని ఏ తల్లీ అనదు. "సీటు రావాలి గదండీ" అంటుంది. ఈతకి వెళ్ళే పిల్ల కనీసం ఎనిమిది దోసెలు తింటోంది.

మరి దొంగతనం ఎలా వుంటుందో చెబుతాను. అప్పట్లో తూర్పు జర్మనీ అని ఒక దేశం వుండేది. 1972 ఒలింపిక్స్‌లో ఆ దేశపు ఆడపిల్లలకి ఈతలో ఒక్క స్వర్ణమూ లేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1976లో మాంట్రియాల్‌లో ఆడవాళ్ళ పందేలు పదమూడైతే పదకొండు వాళ్ళే గెలిచారు. ప్రపంచం చప్పట్లు కొట్టింది. ఎంత క్రమశిక్షణ, ఎంత త్యాగం అంది. పిల్లల గొంతులు బొంగురుపోయాయేమిటని ఎవరో అడిగితే, వాళ్ళొచ్చింది ఈదడానికి గానీ పాట పాడడానికి కాదని ఒక అధికారి జవాబు చెప్పాడంటారు. గోడ కూలాక కాగితాలు బయటికొచ్చాయి. విటమిన్లని చెప్పి ఆ పసిపిల్లలకి నీలంరంగు బిళ్ళలు మింగించారు. మగ హార్మోనులాంటి మందు అది. ఒళ్ళు చెడి, కాన్పులు చెడి, ఆ పిల్లలు పెద్దవాళ్ళై కోర్టులో సాక్ష్యాలు చెప్పారు. 2000లో బెర్లిన్‌లో ఆ క్రీడాశాఖ పెద్దకీ, డాక్టరుకీ శిక్షలు పడ్డాయి. పడ్డాయంటే ఏమిటి, ఒక్కరోజు కూడా జైల్లో వుండనక్కరలేని శిక్షలు!

ఆ మాంట్రియాల్‌లోనే షర్లీ బాబషాఫ్ అని పందొమ్మిదేళ్ళ అమెరికా పిల్ల వుండేది. నాలుగు వెండి పతకాలు. "వీళ్ళని చూడండి, ఇందులో ఏదో వుంది" అని పైకి అన్న పాపానికి వాళ్ళ సొంత పత్రికలే ఆమెకి దుర్ముఖి అని పేరు పెట్టాయి. ఓడిపోయి ఏడుస్తోందన్నారు. ఆఖరి రిలేలో, మందు మింగినవాళ్ళని కూడా ఓడించి, తోటి ముగ్గురితో కలిసి స్వర్ణం తెచ్చింది. పెద్దయ్యాక ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్టల్ ఉద్యోగం చేసుకుంది. ఆమెవి ఆ నాలుగు స్వర్ణాలూ త్యాగం చేసినవా, పోగొట్టుకున్నవా? మింగిన పిల్లలవి? ఏ పిల్లా ఏదీ ఇవ్వలేదు. అన్నీ ఒకరు తీసుకున్నవే.

మందులే అక్కరలేదు, రాజకీయం చాలు. మేరీ మీగర్ 1980నాటికి పదిహేనేళ్ళది. బటర్‌ఫ్లైలో ప్రపంచ రికార్డులు ఆమెవే. సోవియట్లు ఆఫ్ఘనిస్తాన్‌లోకి దిగారని అమెరికా ఆ ఏడు మాస్కో ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. పిల్లలు దేశం కోసం త్యాగం చేశారని ఉపన్యాసాలిచ్చారు. అడిగి తీసుకుంటే గదా త్యాగం! 1981లో ఆమె పెట్టిన రెండువందల మీటర్ల రికార్డు 2000దాకా ఎవరూ అందుకోలేకపోయారంటే ఆ పిల్ల సత్తా ఏమిటో చూడండి. నాలుగేళ్ళు ఆగి 1984లో మూడు స్వర్ణాలు గెలుచుకుంది కనక ఆమె కథ సుఖాంతం. ఆ నాలుగేళ్ళూ ఆగలేక తడిబట్టలు ఆరేసుకుని ఇంటికెళ్ళిపోయినవాళ్ళ సంగతి?

ఇంకొక రకం వుంది. ఎవరూ బలవంతపెట్టరు, మందూ మాకూ వుండదు. కానీ "త్యాగం, త్యాగం" అని చెవిలో ఇల్లుకట్టుకుని పోరడంవల్ల, ఒళ్ళు వద్దంటున్నా ఆపడం తప్పనిపిస్తుంది. రియోలో వంద మీటర్ల స్వర్ణం గెలిచిన సిమోన్ మాన్యుయెల్‌కి 2021లో మెట్లెక్కితే ఆయాసం, నిద్రలేమి, మనసు బాగోలేకపోవడం. అతిగా సాధన చెయ్యడంవల్ల ఒళ్ళు తిరగబడిందని డాక్టర్లు తేల్చి, నీళ్ళలోకి దిగవద్దన్నారు. మూడువారాలు దిగలేదు. ఆ ఏడు తన సొంత పందెంలోనే ఎంపిక పోటీల్లో ఫైనల్‌కి రాలేకపోయింది. ఆదివారాలు మానని ఫెల్ప్స్ కూడా, ఇరవైమూడు స్వర్ణాలాయన, ఒకదశలో బతకాలని లేక గదిలో తలుపులేసుకుని కూర్చున్నానని తనే చెప్పుకున్నాడు. సాధనలో విశ్రాంతి కూడా భాగమే. పెద్దపోటీకి ముందు రెండుమూడు వారాలు దూరం తగ్గించి ఒంటిని తేరుకోనివ్వడం ప్రతి కోచ్‌కీ తెలిసిన విద్య. పులిసేదాకా ఆగకుండా పోస్తే అట్టు వస్తుందా? త్యాగానికి మాత్రం విశ్రాంతి లేదు. త్యాగంలో ఆగడమంటే స్వార్థం కిందే లెక్క.

భుజాల సంగతి చెబుతానన్నాను. 1959లో ఇంగ్లీష్ ఛానెల్ ఈదిన ఆరతీ సాహా తెలుసుగా? మొదటిసారి గట్టు అందలేదు. నెల తిరిగేసరికి మళ్ళీ దిగి, పదహారు గంటలకి పైగా ఈది అవతలి గట్టెక్కింది. ఆసియాలో అంతకుముందు ఏ ఆడమనిషీ చెయ్యలేదా పని. ఆవిడకి పెళ్ళయింది, రైల్వేలో ఉద్యోగం కూడా చేసింది. ఆ భుజాలే వద్దనలేదు ఎవరూ. మన తెలుగావిడ గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకనించి ధనుష్కోటిదాకా పదమూడు గంటలకి పైగా సముద్రం ఈదినప్పుడు ఆవిడకి నలభైదాటాయి. ఆ వయసులో ఆవిడని ఈదమన్నవాళ్ళెవరు? ఎవరి కోసం ఈదింది? ఆవిడ భుజాలు, ఆవిడ సముద్రం. మన చూపులు సరిచేసుకుంటే పిల్లల భుజాలకి వచ్చిన లోటేమీ లేదు.

ఇంతకీ ఆ గృహప్రవేశంలో నాకంత మంట ఎందుకు పుట్టిందో అసలు సంగతి దాచాను. దానికి పదిరోజుల ముందు మా మేనకోడలు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. అది మేలుకుని వుండే వేళ కాదది.

"అత్తా, నేను ఈత మానేస్తానంటే అమ్మ ఏడుస్తోంది. నాలుగేళ్ళు నాలుగింటికి లేచానంటోంది. నేను లేవమన్నానా? మొదట్లో నాకూ ఇష్టమే. ఇప్పుడు ఆ నల్లగీత చూస్తే కడుపులో తిప్పుతోంది. కొన్నాళ్ళు మానేస్తే మళ్ళీ ఇష్టమొస్తుందేమో తెలియదు. రాకపోవచ్చు కూడా."

దానికి నేనేమన్నానో తెలుసా? ఇంత వ్యాసం రాస్తున్న నేను? "మీ అమ్మ నీకోసం ఎంత త్యాగం చేసిందో ఆలోచించావటే?" అన్నాను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "సరే అత్తా" అని పెట్టేసింది.

ఆ "సరే" నాకింకా చెవిలోనే వుంది. తల్లి చేసిన పనికి నేను వడ్డీలేసి పదిహేనేళ్ళ పిల్ల చేతికి బాకీ కాగితం ఇచ్చాను. మా వదిన చేసింది చిన్నపనని నేననను. జనవరి చలిలో నాలుగింటికి స్కూటర్ మీద వెళ్ళడం నాచేత కాదు. కానీ అది ప్రేమతో చేసిందైతే దాన్ని తిరిగి వసూలు చెయ్యకూడదు. వసూలు చేసేదైతే మొదటే పిల్లకి చెప్పి వుండాలి, "అమ్మాయీ, నేను నీకు నిద్ర అప్పిస్తున్నాను" అని.

1972లో మ్యూనిక్‌లో షేన్ గూల్డ్ అనే ఆస్ట్రేలియా పిల్ల పదిహేనేళ్ళకి మూడు స్వర్ణాలు, ఒక వెండి, ఒక కంచు పట్టుకెళ్ళింది. మూడు స్వర్ణాలూ ప్రపంచ రికార్డులతో. మరుసటి ఏడు, పదహారేళ్ళకి, ఇక చాలంది. దేశమంతా అయ్యో అంది. ఆమె పెళ్ళిచేసుకుని దూరంగా పొలాల్లో కాపురం పెట్టి, పిల్లల్ని పెంచుకుంది. నడివయసులో తనంతట తనే మళ్ళీ నీళ్ళలోకి దిగింది. పెద్దవాళ్ళ పోటీల్లో ఈదింది. ఆనక ఈత గురించే చదివి డాక్టరేట్ తెచ్చుకుంది. ఆమె పదహారో ఏట ఎవరో ఒక అత్త ఫోన్లో త్యాగం సంగతి గుర్తుచేసి వుంటే ఆ నీళ్ళమీదే అసహ్యం పుట్టి వుండేదేమో.

మర్నాడే ఇదంతా చెబుదామని మేనకోడలికి ఫోన్ చేశాను. పూల్‌కి వెళ్ళిందన్నారు. సాయంత్రం చేస్తే మళ్ళీ పూల్ అన్నారు. మూడోరోజున దొరికితే, "నేనాడిన మాట తప్పే. మానాలనుంటే మానెయ్" అన్నాను. "చూద్దాంలే అత్తా" అంది. ఆ తర్వాత వారంరోజులు మానేసిందట. పొద్దెక్కేదాకా నిద్రపోయిందట. మా వదిన నాతో మాట మానేసింది.

నిన్న రాత్రి వదినే ఫోన్ చేసింది. గొంతులో ఇంకా బిగువు వుంది.

"రేపు వెళతానేమో అంటోంది. ఏమో అట! ఇంతకీ నన్ను నాలుగింటికి లేపమంటావా, వద్దంటావా?"

"దాని అలారం దాన్నే పెట్టుకోమను వదినా. మోగాక లేస్తే అప్పుడు స్కూటర్ తాళాలు వెతుక్కో."

ఫోన్ పెట్టేసింది. కోపం వచ్చినట్టే వుంది.